99వ నంబరు రోడ్డు మీద ఐదు రోజులు

మొదటి రోజు

వ్యాన్ ఉదయం ఎనిమిదికి బయల్దేరాలి. తొమ్మిదిన్నరకి గానీ కదల్లేదు. కారణం పెద్దాయన. ఓడరేవులో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైన మనిషి. మేం వెళ్లాల్సింది కాలిఫోర్నియా నడిబొడ్డున ఉన్న డెలానోకి. ఆయన మాత్రం ముందు శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకి వెళ్లాల్సిందేనని పట్టుబట్టాడు. అంటే పూర్తిగా వ్యతిరేక దిక్కు.

మొత్తం ఎనిమిది మందిమి. సిటీ బస్సు నడిపే ఒకావిడ, ఇద్దరు నర్సులు, స్కూలు వంటగదిలో పనిచేసే ఒకాయన, ఇద్దరు గిడ్డంగి కార్మికులు, పెద్దాయన, ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే నేను. అందరివీ వేర్వేరు యూనియన్లు. డెలానో ద్రాక్ష సమ్మె మొదలై 2025 సెప్టెంబరు 8కి 60 ఏళ్లు. ఆ దారిలో ఒకసారి వెళ్లొద్దామని వేసవిలో అనుకున్నాం. పొలం కూలీలకి ఇద్దామని చందాలతో కొన్న పొడుగు చేతుల చొక్కాలు రెండు అట్టపెట్టెల నిండా కాళ్ల దగ్గర పెట్టుకున్నాం.

రేవు దగ్గర చూడ్డానికి ఏమీ లేదు. గాలి, కంచె, కొంగల్లాంటి తెల్ల పక్షులు. ఓడలన్నీ ఎప్పుడో అవతలి ఒడ్డుకి, ఓక్లాండ్‌కి వెళ్లిపోయాయి. పెద్దాయన కంచె పట్టుకుని నిలబడ్డాడు.

"1965 నవంబరులో డెలానో ద్రాక్ష పెట్టెలు ఇక్కడికే వచ్చాయి. సమ్మె చేస్తున్నవాళ్లు లారీల వెంటే వచ్చి, చేత్తో రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డారు. మావాళ్లు సరుకు ముట్టుకోలేదు. నేను చేరింది ఆ తర్వాతే. కానీ ఆ ద్రాక్ష కుళ్లిన వాసన గురించి పాతవాళ్లు చెప్పీ చెప్పీ, నేనే పీల్చినట్టు అనిపిస్తుంది నాకు."

ఆ గంటన్నర ఆలస్యానికి అప్పుడు విసుక్కున్నాను. తర్వాత విసుక్కోలేదు.

నేను ఈ ప్రయాణానికి ఎందుకు ఒప్పుకున్నానో ఇక్కడే చెప్పేస్తాను. చాలా కాలం కిందట ఒక సాయంత్రం ఎమర్జెన్సీ నుంచి మా ల్యాబ్‌కి ఒక రక్తం ట్యూబ్ వచ్చింది. పరీక్ష పేరు కోలినెస్టరేస్. పొలంలో పనిచేసే మనిషి, వాంతులు, తలనొప్పి అని చీటీలో ఉంది. విలువ మా పట్టికలోని హద్దుల మధ్యే, కింది అంచుకి దగ్గరగా వచ్చింది. నార్మల్ అని పంపేశాను. కాసేపటికి డాక్టర్ ఫోన్ చేసి "ఇతని పాత విలువ ఏమైనా ఉందా?" అని అడిగింది. లేదన్నాను. ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో నాకు అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది.

ఆర్గనోఫాస్ఫేట్ రకం పురుగుమందులు చేసే పని ఇది: నరం నుంచి కండరానికి కబురు మోసే రసాయనం ఒకటి ఉంటుంది. కబురు చేరాక దాన్ని తుడిచేసే ఎంజైమ్ కోలినెస్టరేస్. మందు ఆ ఎంజైమ్‌ని పట్టేసుకుంటుంది. ఇక కబురు ఆగదు. చెమట ఆగదు, చొంగ ఆగదు, కంటిపాప సూదిమొనంత అవుతుంది, చివరికి ఊపిరి కండరాలు అలిసిపోతాయి. అయితే ఈ ఎంజైమ్ ఒక్కో మనిషికి పుట్టుకతోనే ఒక్కో స్థాయిలో ఉంటుంది. ఎక్కువ ఉన్న మనిషికి మూడో వంతు పడిపోయినా పట్టికలో నార్మల్ గానే కనిపించవచ్చు. మందు ముట్టుకోకముందు తీసిన విలువ, బేస్‌లైన్ అంటాం, అది ఉంటేనే ఎంత పడిందో తెలిసేది. నేను పంపిన "నార్మల్" అనే మాటకి అర్థమే లేదు. ఆ మనిషి ఏమయ్యాడో నాకు తెలియదు.

మధ్యాహ్నం లాత్రప్‌లో ఆగాం. గాలిమరల కొండ దిగి లోయలోకి రాగానే వచ్చే ఊరు. గిడ్డంగులు, లారీలు, ఎండ. ఇక్కడ ఆగమన్నది నేను. ఇక్కడి పురుగుమందు ఫ్యాక్టరీలో 1977లో జరిగింది మా రంగంలో పాఠంలా చెప్పుకుంటారు. డీబీసీపీ అనే మందు, నేలలో వేర్లని తినే పురుగుల కోసం. అది తయారయ్యే విభాగంలో మగవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే తేలింది: ఎవరికీ పిల్లలు పుట్టడం లేదు. ఇలాంటి మాట మగవాళ్లు పనిచోట బయటికి అనడం ఎంత కష్టమో వేరే చెప్పాలా? వాళ్లు చమురు, రసాయన, అణు కార్మికుల యూనియన్ సభ్యులు. యూనియన్ పరీక్షలు చేయించమని పట్టుబట్టింది. చాలామందికి వీర్యకణాలు బాగా తక్కువ, కొందరికి అసలు లేవు. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో ఆ మందు ఆగింది, 1979లో దాదాపు దేశమంతా. ఎలుకల్లో ఇదే నష్టం కనిపించిందని కంపెనీల పరిశోధకులు 1961లోనే రాసి అచ్చు వేశారు. పదహారేళ్లు ఆ కాగితం అలా పడి ఉంది.

ఫ్యాక్టరీ మనుషులు బయటపెట్టింది తమ ఒంటి సంగతే. కానీ దాంతో ఆగిన మందు పొలాల్లో కూలీల కాళ్ల కింద పడేది. ఇద్దరూ ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోలేదు.

వంటాయన అడిగాడు: "మరి ఆ మందు ఇప్పుడు పోయినట్టేనా?" పోలేదు. ఈ లోయలో చాలా బావుల నీళ్లలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఆయన చేతిలోని నీళ్ల సీసా ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

రాత్రి ఫ్రెస్నోలో పడుకున్నాం. గది ఏసీ చప్పుడుకి ఎవరికీ నిద్ర లేదు.

రెండో రోజు

99వ నంబరు రోడ్డు దక్షిణానికి నిటారుగా పోతుంది. రెండు పక్కలా బాదం, పిస్తా, ద్రాక్ష, నారింజ. బాదం కోత కాలం. యంత్రం చెట్టుని పట్టుకుని ఊపుతుంది, కాయలు రాలతాయి, ఇంకో యంత్రం వాటిని ఊడుస్తుంది, దుమ్ము చెట్లకంటే ఎత్తు లేస్తుంది. వ్యాన్ అద్దాలు ఎక్కించుకున్నా నాలుక మీద మట్టి రుచి తగిలింది. ఆ మట్టిలో ఏముందో ఊహించుకోకూడదనుకుంటూనే ఊహించుకున్నాను.

డెలానోకి కాస్త ముందు ఎర్లిమార్ట్. చిన్న ఊరు, ఎక్కువమంది పొలం పనివాళ్లే. 1999 నవంబరు 13 సాయంత్రం పక్క పొలంలో నేలకి పెట్టిన మెటామ్ సోడియం అనే పురుగుమందు గాలిలోకి లేచి ఊరి మీదికి వచ్చింది. కళ్లు మంట, వాంతులు, ఊపిరాడకపోవడం. 170 మంది దాకా జబ్బు పడ్డారు. విషం కడగాలని కొందరి బట్టలు విప్పించి, ఆరుబయట, చలిలో, గొట్టాలతో నీళ్లు కొట్టారు. ఆడవాళ్లని కూడా.

ఆ మందు నేలలో విడిపోతే వచ్చే వాయువు పేరు మిథైల్ ఐసోథయోసయనేట్. భోపాల్‌లో 1984లో జనాన్ని చంపింది మిథైల్ ఐసోసయనేట్. రెండూ ఒకటి కాదు, విష తీవ్రత కూడా ఒకటి కాదు. కానీ అణువు బొమ్మ గీస్తే ఒక్క ఆక్సిజన్ ఉండాల్సిన చోట ఒక్క గంధకం. ఈ సంగతి వ్యాన్‌లో చెప్పి ఉండాల్సింది కాదు. డెలానో దాకా ఎవరూ మాట్లాడలేదు.

ఎర్లిమార్ట్ ఆడవాళ్లు ఊరుకోలేదు. ఆసుపత్రి బిల్లులు ఎవరు కడతారని పట్టుకున్నారు. 2004లో రాష్ట్రం చట్టం చేసింది: మందు అలా కొట్టుకొచ్చి జనం జబ్బుపడితే, కారకులైనవాళ్లే వైద్యం ఖర్చు భరించాలి.

డెలానోలో ముందు ఫిలిపినో హాల్‌కి వెళ్లాం. బయట నుంచి చూస్తే పెళ్లిళ్లకి అద్దెకిచ్చే మామూలు హాలులా ఉంటుంది. 1965 సెప్టెంబరు మొదట్లో ఫిలిపినో ద్రాక్ష కూలీలు సమ్మెకి నిర్ణయించుకున్నది ఇక్కడే. అడిగింది గంటకి 1.40 డాలర్లు, పెట్టెకి 25 సెంట్లు. నాయకుల్లో ముఖ్యుడు లారీ ఇట్లియాంగ్. చేతికి మూడు వేళ్లు ఉండవు, ఎప్పుడూ చుట్ట కాలుస్తాడు. అంతకుముందు సమ్మెల్లో జరిగేదేమిటంటే, ఫిలిపినోలు ఆగితే యజమానులు మెక్సికన్లని తెచ్చేవారు, మెక్సికన్లు ఆగితే ఫిలిపినోలని. అందుకే ఇట్లియాంగ్ వెళ్లి సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టాల సంఘాన్ని అడిగాడు. ఎనిమిది రోజుల తర్వాత, సెప్టెంబరు 16న, వాళ్లూ కలవడానికి చేతులెత్తారు. ఈ హాలులోనే ఉమ్మడి వంటగది నడిచింది. రెండు భాషల వాళ్లు ఒకే గిన్నెలో తినడం అలవాటు చేసుకున్నారు. మా వంటాయనకి ఈ హాలులో నచ్చింది అదొక్కటే. పొయ్యి ఎక్కడ ఉండేది, ఎన్ని వందల మందికి వండేవారు అని గోడలు తడుముతూ తిరిగాడు.

సినిమాల్లో, గోడ బొమ్మల్లో చావెజ్ ముందుంటాడు, ఫిలిపినోలు వెనక ఎక్కడో కనిపిస్తారు. నాకు ఈ లెక్క మొదటినుంచీ నచ్చదు. ఆ రెండు సంఘాలూ కలిసి ఒకే యూనియన్ అయ్యాయి, ఇట్లియాంగ్ 1971లో దాన్ని వదిలేశాడు. యూనియన్ పేరు చెప్పి చేసినవన్నీ మంచివే అని కూడా అనలేం. 1974లో పత్రాలు లేని కూలీలు సమ్మె విచ్ఛిన్నం చేస్తున్నారంటూ సరిహద్దులో మనుషుల్ని నిలబెట్టి అడ్డుకుంది ఇదే యూనియన్. అదే యూనియన్ ఇప్పుడు పత్రాలు లేనివాళ్ల కోసం కోర్టులకెక్కుతోంది.

ఊరికి పడమర అంచున ఫార్టీ ఏకర్స్, ఆ యూనియన్ స్థలం. నిజంగానే నలభై ఎకరాలు. పెట్రోలు బంకు, హాలు, వైద్యశాల, వృద్ధుల ఇళ్లు. 1970 జూలై 29న డెలానో ద్రాక్ష యజమానులు ఒప్పందాల మీద సంతకం పెట్టింది ఇక్కడి హాలులోనే. హాలుకి రాయ్ రూథర్ పేరు. ఆయన కార్ల కార్మికుల యూనియన్ మనిషి. ఆయన అన్న వాల్టర్ రూథర్ 1965 డిసెంబరులో డెలానో వీధుల్లో సమ్మెవాళ్లతో కలిసి నడిచి, నెలకి 5,000 డాలర్లు ఇస్తామని మాట ఇచ్చాడు. కార్లకీ ద్రాక్షకీ ఏం సంబంధం?

పెద్దాయన అన్నాడు: "డబ్బు ఇవ్వడం తేలిక. సరుకు ముట్టుకోకపోవడం కష్టం. ఆ రోజు కూలి పోతుంది, పైగా కంపెనీ కోర్టుకెళ్తుంది."

"రెండూ కావాలి కదండీ," అన్నాను.

"కావాలి. కానీ నువ్వడుగు, ఎవరు ఏ చోట నిలబడి ఆపగలరో అక్కడ ఆపారా అని."

ఆ ఒప్పందాల్లో మందుల గురించి రాసిన భాగం నన్ను చాలాసేపు నిలబెట్టింది. డీడీటీ వాడకూడదని అందులో ఉంది. దేశం మొత్తం మీద డీడీటీ నిషేధం 1972లో వచ్చింది. అంటే చట్టం కంటే రెండేళ్లు ముందు, ద్రాక్ష కోసేవాళ్లు కాగితం మీద రాయించుకున్నారు. అప్పటికి పొలం కూలీలకి యూనియన్ హక్కు ఇచ్చే చట్టమే లేదు. 1935 జాతీయ కార్మిక చట్టం వాళ్లని బయట పెట్టేసింది. కాలిఫోర్నియా తన చట్టం చేసుకుంది 1975లో. చట్టం లేనిచోట వాళ్ల చేతిలో ఉన్నదల్లా ద్రాక్ష కొనవద్దన్న పిలుపు, రేవులో కుళ్లిన పెట్టెలు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. డీడీటీ నేలలో ఏళ్ల తరబడి ఉండిపోయే విషం, పక్షుల గుడ్లు పలచబడి పగిలిపోయేవి. అది పోయాక ఆ చోటికి ఎక్కువగా వచ్చింది పారథియాన్ లాంటి ఆర్గనోఫాస్ఫేట్లు. అవి త్వరగా విరిగిపోతాయి, తినేవాడి పళ్లెం దాకా రావడం తక్కువ. కానీ కొట్టిన కొత్తలో తోటలోకి అడుగుపెట్టిన మనిషికి మాత్రం డీడీటీ కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. పక్షికి మేలైంది, పళ్లెంకి మేలైంది. కోసే చేతికి కీడైంది. పురుగుమందుల గురించి పట్నాల్లో మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా పళ్లెం వైపు నుంచే మాట్లాడతాం. "కడుక్కుని తినండి" అనే మాట కోసేవాడికి ఎవరు చెప్పాలి?

సాయంత్రం అగ్బయాని గ్రామం ముందు కూర్చున్నాం. ముసలివాళ్లైన ఫిలిపినో కూలీల కోసం స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు కట్టిన ఇళ్లు, 1974లో తెరిచారు. యవ్వనంలో వచ్చిన ఆ మగవాళ్లకి తెల్లవాళ్లని పెళ్లాడడం చట్టవిరుద్ధం, 1948 దాకా. తమ ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు చాలా తక్కువ. చాలామంది పెళ్లే లేకుండా, పిల్లల్లేకుండా, కూలీల బ్యారక్స్‌లోనే ముసలివాళ్లైపోయారు. సమ్మెలో తోటల ముందు నిలబడే వరుసలో, పికెట్ లైన్ మీదే ప్రాణం పోయిన పావులో అగ్బయాని పేరు ఈ ఇళ్లకి పెట్టారు. వరండా పొడుగ్గా ఉంది, నీడ బాగుంది. పడమట ద్రాక్షతోటలు.

మూడో రోజు

పొద్దున్నే నా చొక్కా ఉతుక్కుందామని బస్సు నడిపే మిత్రురాలితో కలిసి లాండ్రీకి వెళ్లాను. ఆమెకి స్పానిష్ సొంత భాష. లోపల ఆదివారం జనం. ఒక మూల మెషీన్ దగ్గర మా వయసావిడ నల్ల చెత్తసంచి విప్పుతోంది. అందులో పొలం బట్టలు: పొడుగు చేతుల చొక్కాలు, ముఖానికి కట్టుకునే గుడ్డలు, టోపీ. ఒక్కొక్కటీ రెండు వేళ్లతో తీసి మెషీన్‌లో వేసింది. సంచిని లోపలివైపు బయటకి రాకుండా చుట్టి చెత్తలో పడేసింది. ఇంటి బట్టలు వేరే బుట్టలో ఉన్నాయి, వేరే మెషీన్‌లో వేసింది.

పొలం బట్టలు అయిపోయాక వాటిని తీసి, ఆ ఖాళీ మెషీన్‌లోనే సబ్బు పోసి, నాణేలు వేసి, వేడినీళ్లకి తిప్పి మళ్లీ నడిపింది.

నా మిత్రురాలు అడిగింది: "ఖాళీగా నడుపుతున్నారేం? డబ్బు దండగ కదా?"

ఆవిడ స్పానిష్‌లో వెతుక్కుంటూ చెప్పింది. ఆమె భాష మిక్స్‌టెక్, మెక్సికో కొండల్లోది. "తర్వాత వచ్చేవాళ్లు పిల్లల బట్టలు వేస్తారేమో కదా."

అది ఎవరు నేర్పారని అడిగాం. తోటలో పక్క వరుసలో పనిచేసే ఒక పెద్దావిడ. శిక్షణలో చూపించిన వీడియో స్పానిష్‌లో ఉందట, సగమే అర్థమైందట. పొలం పనికి వచ్చే వాళ్లకి మందుల ప్రమాదం గురించి ఏటా శిక్షణ ఇవ్వాలని రూలు ఉంది. అర్థమయ్యే భాషలో ఇవ్వాలని కూడా ఉంది.

మేం తెచ్చిన చొక్కాల్లో రెండు ఇచ్చాం. ఆవిడ గుడ్డ నేత పట్టుకుని చూసి, ఇవి పలచన, చెమటకి తడిస్తే ఒంటికి అంటుకుంటాయి, మందు లోపలికి వస్తుంది అంది. తీసుకుంది, ఇంట్లో కట్టుకోడానికి. చందాలు వేసి, నెల రోజులు మీటింగులు పెట్టి, రంగు ఎంచి కొన్న చొక్కాలు. వాటిని ఎవరితోనూ మాట్లాడకుండా కొన్నాం.

రక్త పరీక్ష ఎప్పుడైనా చేశారా అని నేను అడిగించాను. "షుగర్‌దా?" అంది. వాళ్ల మరిదికి చేస్తారట. అతను ట్రాక్టరు మీద మందు కొడతాడు.

అదీ సంగతి. కాలిఫోర్నియాలో 1974 నుంచి ఈ రూలు ఉంది. బాగా విషమైన ఆర్గనోఫాస్ఫేట్లు, అదే ఎంజైమ్‌ని పట్టుకునే కార్బమేట్లు తరచూ కలిపేవాళ్లకి, కొట్టేవాళ్లకి ముందు బేస్‌లైన్ తీయాలి, తర్వాత పరీక్షలు చేస్తూ ఉండాలి. విలువ బేస్‌లైన్‌లో 80 శాతం కంటే తగ్గితే పని పద్ధతులు పరిశీలించాలి. ఎర్ర రక్తకణాల్లోది 70 శాతానికి గానీ, రక్తంలోని ద్రవం, ప్లాస్మాలోది 60 శాతానికి గానీ పడితే ఆ మనిషిని మందు పని నుంచి తప్పించాలి, 80కి తిరిగి వచ్చేదాకా. మంచి రూలు. కానీ ఆకుల మధ్య చేతులు పెట్టి గుత్తులు కోసే మనిషికి ఇది వర్తించదు. ఆవిడకి బేస్‌లైన్ లేదు. ఆ రోజు నా ట్యూబ్‌లో ఉన్న మనిషికీ లేనట్టే ఉంది.

మధ్యాహ్నం మెక్‌ఫార్లండ్ దాటాం. 1980ల్లో ఈ చిన్న ఊళ్లో పిల్లలకి వరుసగా కాన్సర్లు వచ్చాయి. తల్లులు మందుల వైపు, నీళ్ల వైపు వేలు చూపారు. ప్రభుత్వ పరిశోధనలు జరిగాయి, ఇదీ కారణం అని తేల్చలేదు. 1988లో చావెజ్ మందులకి వ్యతిరేకంగా 36 రోజులు నిరాహారదీక్ష చేసినప్పుడు ఈ ఊరి పేరు దేశమంతా వినిపించింది. అంతకుముందు 1968లో 25 రోజులు దీక్ష చేశాడు, అది అహింస కోసం, గాంధీని తలుచుకుంటూ. నర్సులిద్దరూ మారియన్ మోసెస్ గురించి మాట్లాడుకున్నారు. 1960ల్లో నర్సుగా ఈ యూనియన్‌కి వచ్చి పనిచేసి, తర్వాత చదివి డాక్టరై, జీవితమంతా పురుగుమందుల మీదే పనిచేసిన మనిషి. మా వృత్తుల వాళ్లు ఇలా ఒకరు దొరికితే మాకు గర్వం, కొంచెం సిగ్గు కూడా.

బేకర్స్‌ఫీల్డ్ కెర్న్ కౌంటీకి ముఖ్య పట్టణం. 1968 ఆగస్టులో యూనియన్ లాయరు జెరోమ్ కోహెన్ ఇక్కడి వ్యవసాయ అధికారి కార్యాలయానికి వెళ్లి, ఏ తోటలో ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసిన రికార్డులు చూపించమన్నాడు. చూపించలేదు. ఆ రోజే కోర్టు నుంచి, చూపించకూడదని ఉత్తర్వు వచ్చేసింది. అంటే మందు మనిషి ఒంట్లోకి పోవచ్చు, మందు పేరు మాత్రం మనిషికి చేరకూడదు.

అదే రాష్ట్రంలో 2025 మార్చి నుంచి ఫోన్‌కి ముందే కబురు వస్తుంది. స్ప్రేడేస్ అనే ఏర్పాటు. నియంత్రిత మందులు కొట్టబోయే ముందు, నేలకి పెట్టే వాయుమందులైతే 48 గంటలు, మిగతావైతే 24 గంటలు. నేను అప్పటికప్పుడు మేం నిలబడ్డ చోటు కొట్టి చూశాను. మ్యాపులో చదరపు మైలు గళ్లు కనిపించాయి. ఆ గడిలో ఏ పొలమో చెప్పదు. చదరపు మైలు అంటే 640 ఎకరాలు. గిడ్డంగి కుర్రాడు నవ్వాడు: "మీ వీధిలో ఎవరింట్లోనో నిప్పంటుకోబోతోంది అన్నట్టుంది." అయినా 1968లో కోహెన్‌కి చూపించని కాగితం కంటే ఇది ఎక్కువే. నేను ఆ పక్షం.

ఇంత ఉన్నా ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ, కారణం అందరికీ తెలుసు. 2025 జనవరిలోనే ఈ కౌంటీలో సరిహద్దు పోలీసులు రోడ్ల మీద, దుకాణాల దగ్గర జనాన్ని ఆపి పట్టుకెళ్లారు. యూనియన్ కోర్టుకెళ్లి ఏప్రిల్‌లో అడ్డుకట్ట వేయించింది. కానీ భయానికి కోర్టు ఉత్తర్వు అంత త్వరగా పనిచేయదు. కళ్లు మండినా క్లినిక్‌కి వెళ్లని మనిషి నా ట్యూబ్ దాకా ఎలా వస్తాడు?

చీకటి పడేలోపు కొండల్లో కీన్‌కి వెళ్లొచ్చాం. ఒకప్పటి క్షయ ఆసుపత్రి, తర్వాత యూనియన్ కేంద్రం, 2012 నుంచి జాతీయ స్మారకం. చల్లగా ఉంది, ఓక్ చెట్లు. అలిసిపోయి ఎక్కువ చూడలేదు.

నాలుగో రోజు

ఇవాళంతా ప్రయాణమే. పడమరకి 46వ నంబరు రోడ్డు మీద, చమురు బావులు, పిస్తా తోటలు దాటి, కొండలు దాటి, 101 మీద ఉత్తరానికి సాలినాస్ లోయలోకి. ఎండ పోయి పొగమంచు వచ్చింది. ఇది లెట్యూస్ అనే సలాడ్ ఆకుకూర, స్ట్రాబెర్రీల లోయ.

దారిలో ఒక లెట్యూస్ పొలం అంచున బోర్డు చూసి ఆగాం.  ప్రమాదం, పురుగుమందులు, లోపలికి రావద్దు అని ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో. ఇరవై అడుగుల అవతల, అదే కంచె పక్కన, ఇంకో పొలంలో కలుపు తీస్తున్న మనుషులు. బోర్డు ఇటు. మనుషులు అటు. గాలి ఇటు నుంచి అటు వీస్తోంది. బోర్డు దగ్గర గడ్డిపోచ పట్టుకుని చూశాను, మా వ్యాన్ నీడలో కూడా అది వాళ్లవైపే వంగింది.

సాలినాస్ గురించి పెద్దాయన ముఖం చిట్లించి చెప్పాడు. 1970లో డెలానో సంతకాలు ఆరకముందే ఇక్కడి కూరగాయల యజమానులు లారీ డ్రైవర్ల పెద్ద యూనియన్‌తో ఒప్పందాలు చేసుకున్నారు. పొలంలో పనిచేసేవాళ్లని అడగలేదు. ఆగస్టులో వేలమంది పని ఆపేశారు. 1973లో ద్రాక్ష ఒప్పందాలు ముగిశాక అవి కూడా చాలావరకు అటే పోయాయి. ఆ వేసవి ఆర్విన్, లామాంట్ ప్రాంతాల్లో ఇద్దరు సమ్మె కార్మికులు చనిపోయారు: యెమెన్ నుంచి వచ్చిన కుర్రాడు నాగీ దైఫల్లా, అరవై ఏళ్ల హువాన్ డి లా క్రూజ్. రెండు యూనియన్లు రాజీ పడింది 1977లో.

మేం యూనియన్ల ఐక్యత గురించి పాటలు పాడుకునేటప్పుడు ఈ ఏడేళ్లని దాటవేస్తాం. చెట్టు కొట్టిన గొడ్డలికి కర్ర పిడి ఉన్నట్టు, ఆ దెబ్బ సొంతవాళ్ల నుంచే వచ్చింది.

ఈ లోయ నాకు ఇంకో కారణంగా తెలుసు. 1999, 2000 సంవత్సరాల్లో బెర్క్‌లీ పరిశోధకులు ఇక్కడి గర్భిణులు ఆరు వందల మందిని చేర్చుకుని అధ్యయనం మొదలుపెట్టారు. చాలామంది పొలం పనివాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. గర్భంలో ఉన్నప్పుడు తల్లి మూత్రంలో ఆర్గనోఫాస్ఫేట్ ఆనవాళ్లు ఎక్కువ ఉన్న పిల్లలకి ఏడేళ్లప్పుడు తెలివి పరీక్షల్లో మార్కులు తక్కువ వచ్చాయని 2011లో రాశారు. ఆ తల్లులు ఏళ్ల తరబడి సీసాలు, ట్యూబులు ఇస్తూనే ఉన్నారు. క్లోర్‌పైరిఫాస్ అనే ఆర్గనోఫాస్ఫేట్ మందు కాలిఫోర్నియాలో 2020 చివరికి ఆగిపోవడం వెనక ఇలాంటి లెక్కలు, ఆ మందు మీద ఏళ్లపాటు కోర్టుల్లో నడిచిన పోరాటాలు ఉన్నాయి. పొలం కూలీల యూనియన్ ఆ కేసుల్లో ఉంది. ల్యాబ్ మనిషిగా నాకు ఇది అన్నిటికంటే బాగా అర్థమయ్యే పోరాటం. నినాదం లేదు. సీసా మీద లేబులు ఉంది, తారీకు ఉంది, ఒక తల్లి మళ్లీ వచ్చింది.

ఐదో రోజు

వాట్సన్‌విల్ దగ్గర స్ట్రాబెర్రీ పొలాల మీద తెల్ల ప్లాస్టిక్ మెరుస్తోంది. ఆగలేదు. నర్సులకి సాయంత్రం డ్యూటీ ఉంది.

వ్యాన్‌లో చర్చంతా చొక్కాల మీదే. మిగిలినవి ఏం చేద్దాం? వెనక్కి ఇచ్చేసి ఆ డబ్బు కూలీల క్లినిక్‌కి ఇద్దామని వంటాయన, వద్దు, ముందు వాళ్లని అడుగుదామని గిడ్డంగి కుర్రాడు. పెద్దాయన నిద్రపోతున్నాడనుకున్నాం. కళ్లు తెరవకుండానే, "అడుగుదాం," అన్నాడు. కాసేపాగి నా వైపు తిరిగి, "నీ రేవు ఎక్కడుందో తెలిసిందా?" అన్నాడు. ఏమిటండీ అన్నాను. మళ్లీ గురక.

తర్వాతి సోమవారం ల్యాబ్‌కి వెళ్లాను. కోలినెస్టరేస్ పరీక్షలేవీ రాలేదు, నెలల తరబడి రావు కూడా. మా రిపోర్టు ఫారం తెరిచి, ఆ పరీక్ష కింద "నార్మల్" అని దానంతటదే పడే మాట ఎక్కడి నుంచి వస్తోందో వెతికాను. ఒక సెట్టింగు. దాని కింద చేర్చమని రెండు వాక్యాలు రాసి సూపర్‌వైజర్‌కి పంపాను: ఈ విలువని రోగి బేస్‌లైన్‌తో పోల్చకుండా మందు ప్రభావం లేదని చెప్పలేం. బేస్‌లైన్ లేకపోతే కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేసి పోల్చండి.

యూనియన్ ప్రతినిధికి కూడా ఒక కాపీ పెట్టాను. బుధవారం మీటింగులో మాట్లాడతామన్నారు.